ధనుష్కోటి: రామేశ్వర యాత్రికులు చూడక మరలివచ్చే తీరం

మదురై, కోయంబత్తూరు ప్రాంతాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారికి రామేశ్వరం కొత్త ఊరు కాదు. తిరుమల నాయకుని (1623–59) దళవాయి రామప్పయ్య సేతుపతిపై దండెత్తి ఈ ద్వీపం వరకు వచ్చాడు. నేడు మనవారు పితృకార్యాల కొరకు వెళుతున్నారు. అగ్నితీర్థంలో మునిగి, ఆలయంలోని 22 తీర్థాలలో స్నానమాడి, స్వామిని సేవించి, ఆ రాత్రికే బండి ఎక్కడం ఆనవాయితీ. గుడి వీధులు దాటి సుమారు 20 కి.మీ. ముందుకు పోతే, ఇరువైపులా సముద్రం గల ఇసుక తిన్నెపై ధనుష్కోటి ఉంది.

పేరు

సంస్కృతంలో 'కోటి' అనగా వింటి కొన. ద్వీపం ఆగ్నేయ దిశగా సన్నబడి ముగిసే చోటు కనుక ఈ పేరు తగినదే. చిట్టచివరి భాగాన్ని తమిళులు అరిచల్‌మునై అంటారు. 'అరిచల్' అనగా కోత. 'మునై' మన 'మొన'యే. అక్కడినుండి శ్రీలంకలోని తలైమన్నార్ సుమారు 30 కి.మీ. దూరం.

ఊరు పోయిన రాత్రి

1914లో పాంబన్ రైలు వంతెన ప్రారంభమైన తరువాత మద్రాసు రైలు ధనుష్కోటి వరకు వచ్చేది. ప్రయాణికులు అక్కడ స్టీమరు ఎక్కి తలైమన్నార్ చేరేవారు. 1964 డిసెంబరు 22 అర్ధరాత్రి తుపాను ఈ ఊరిని ముంచివేసింది. పాంబన్ నుండి వస్తున్న పాసింజరు రైలు వంద మందికి పైగా ప్రయాణికులతో కెరటాలలో కలిసిపోయింది. మొత్తం మృతులు సుమారు 1,800 అని అంచనా. ఊరు నివాసయోగ్యం కాదని ప్రభుత్వం ప్రకటించింది. పగడపు రాళ్లతో కట్టిన చర్చి గోడలు, రైల్వే స్టేషన్ శిథిలాలు నేటికీ నిలిచి ఉన్నాయి. కొన్ని జాలరి కుటుంబాలు గుడిసెలలో బ్రతుకుతున్నాయి. చుట్టూ ఉప్పునీరే అయినా, ఇసుకలో కొద్ది అడుగులు తవ్వితే మంచినీరు ఊరడం ఇక్కడి విశేషం.

రెండు సముద్రాలు

ఉత్తరాన పాక్ అఖాతం, దక్షిణాన మన్నార్ అఖాతం. నెమ్మదైన ఉత్తరపు నీటిని స్థానికులు 'ఆడ కడలి' అనీ, ఉధృతమైన దక్షిణపు నీటిని 'మగ కడలి' అనీ పిలుస్తారు. అయితే ఈశాన్య రుతుపవనాల కాలంలో ఆడ కడలి కూడా నమ్మదగినది కాదు.

వెళ్ళే విధానం

మదురై నుండి రామేశ్వరం సుమారు 170 కి.మీ.; కోయంబత్తూరు నుండి 400 కి.మీ. లోపే. రోడ్డు వంతెన 1988లో, కొత్త రైలు వంతెన 2025 ఏప్రిల్‌లో ప్రారంభమయ్యాయి. 2017లో అరిచల్‌మునై వరకు తారు రోడ్డు పడినందున బస్సులు, ఆటోలు నేరుగా పోతాయి. అంతకుముందు ఇసుకలో జీపులే దిక్కు.

జనవరి–మార్చి నెలలు అనుకూలం. ఆ రోజులలో లోతులేని నీటిలో రాజహంసలు (ఫ్లెమింగోలు) కనిపిస్తాయి. ఈ వలస పక్షుల కొరకు 2025లో తమిళనాడు ప్రభుత్వం ఇక్కడ అభయారణ్యం ప్రకటించింది. సెలవు దినాలలో మొన వద్ద జనం గుమికూడుతారు. ఏకాంతం కోరువారు పనిదినాన తెల్లవారగానే వెళ్ళి, మొనకు ముందే దిగి నడవడం మేలు. దారిలో, తుపానుకు తట్టుకొని నిలిచిన కోదండరామస్వామి ఆలయం దర్శించవచ్చు.

జాగ్రత్తలు

మొన వద్ద సముద్రంలో దిగరాదు. రెండు నీళ్ళు కలిసే చోట లాగుడు బలంగా ఉంటుంది, అడుగున ఇసుక జారిపోతుంది. పిల్లల చేయి వదలకండి. స్నానానికి అగ్నితీర్థమే తగినది. చీకటి పడేలోగా తిరిగిరావాలి, బస రామేశ్వరంలోనే. శాకాహారులు భోజనం, త్రాగునీరు వెంట తీసుకుపోవాలి. సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరం కనుక ప్లాస్టిక్ సంచులు విడిచిరాకూడదు.

ఈ తీరం నిర్జనంగా ఉండడానికి కారణం ఆ ఒక్క రాత్రి. రామేశ్వరంలో మన పెద్దలకు తిలోదకాలు విడిచే మనం, మరునాడు ఇక్కడికి వచ్చి, ఊరూ పేరూ తెలియని ఆ మృతుల కొరకు ఒక్క క్షణం మౌనంగా నిలబడితే యాత్రకు నిండుదనం కలుగుతుంది. చర్చి గోడ దగ్గర ఫోటో తీసుకునే ముందు, ఆ ఊరి కథ పిల్లలకు చెప్పండి.