రోగిని ఎరిగిన డాక్టర్‌కు అలసట తక్కువ.. ‘ఫ్యామిలీ డాక్టర్’ వెనుక లెక్క ఇదీ!

‘మా డాక్టర్’ అని ఊరు చెప్పుకొనేలా ఒకే వైద్యుడు ఉంటే రోగికి మేలు. ఆ బంధం వైద్యుడినీ కాపాడుతుంది. ఎలాగో చూద్దాం.

బర్నౌట్ అంటే?

ఉద్యోగంలో దీర్ఘకాలిక ఒత్తిడిని తట్టుకోలేకపోతే వచ్చే స్థితి ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని వ్యాధిగా కాకుండా, వృత్తిపరమైన సమస్యగా నిర్వచించింది. సత్తువ అయిపోయినట్లు అనిపించడం, పనిపై విముఖత, పనితీరు తగ్గడం దీని లక్షణాలు. ఇది ముదిరిన వైద్యుడికి ఎదురుగా ఉన్న మనిషి కనిపించడు, టోకెన్ నంబరే కనిపిస్తుంది.

బంధం ఎలా పనిచేస్తుంది?

ముగ్గురాయి గనులున్న మంగంపేట లాంటి ఊరినే తీసుకోండి. దగ్గుతో వచ్చిన వ్యక్తి దుమ్ములో పనిచేస్తాడా, బీపీ మాత్రలు మానేశాడా అన్నది ముందే తెలిస్తే వైద్యుడు మొదటి నుంచి ఆరా తీయక్కర్లేదు. రోగి మాట వింటాడు, నయమయ్యాక కనిపిస్తాడు. చేసిన పనికి ఫలితం కళ్లెదుటే ఉంటుంది.

ఏపీలో ఏం చేశారు?

ఫ్యామిలీ డాక్టర్ విధానాన్ని 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో ప్రారంభించారు. దీని ప్రకారం పీహెచ్‌సీలోని ఇద్దరు వైద్యుల్లో ఒకరు అక్కడ ఓపీ చూస్తే, మరొకరు 104 వాహనంలో తమకు కేటాయించిన గ్రామాలకు వెళ్లాలని అప్పట్లో నిర్ణయించారు. ఒక్కో ఊరికి నెలకు రెండుసార్లు. మంచానికే పరిమితమైన వారిని ఇంటికెళ్లి చూడాలన్నారు.

చిక్కు ఎక్కడ?

బంధానికి సమయం కావాలి. 2017లో వెలువడిన ఓ అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం భారత్‌లో ప్రాథమిక స్థాయి వైద్యుడు ఒక్కో రోగికి ఇచ్చేది దాదాపు 2 నిమిషాలే. స్వీడన్‌లో అది 22 నిమిషాలకు పైనే. పైగా ఇద్దరిలో ఒకరు సెలవు పెట్టినా, పీజీకి వెళ్లినా రెండు పనులూ మిగిలిన వారిపైనే పడతాయి. కొత్త వైద్యుడొస్తే పరిచయం మళ్లీ మొదటికే. అడిగిన ఇంజెక్షన్ ఇవ్వలేదనే గొడవలు అదనం. సమయం, సిబ్బంది లేకుండా పరిచయం మాత్రమే పెరిగితే అదీ భారమే. కష్టాలన్నీ వినాలి, తీర్చే దారి ఉండదు.

మనమేం చేయాలి?

• పాత చీటీలు, రిపోర్టులు, వాడుతున్న మందులు వెంట తీసుకెళ్లండి.
• వీలైనంత వరకు ఒకే వైద్యుడికి చూపించుకోండి.
• మందులు మానేస్తే దాచకుండా చెప్పండి.
• పోస్టు ఖాళీగా ఉంటే, ఉన్న డాక్టర్‌తో వాదించే బదులు అధికారులకు అర్జీ ఇవ్వండి.