గూఢలిపి – యంత్రగణన – ప్రమాణవిచారం

పాండవులు వారణావతానికి బయలుదేరే వేళ విదురుడు ధర్మరాజుతో పలికిన మాటలు కుంతీదేవి చెవిన పడినా ఆమెకు అర్థం కాలేదు. తరువాత అడిగి తెలుసుకొన్నది. ఇంట అగ్నిభయం కలదు, మార్గాలు ఎరిగి ఉండుమన్నదే ఆ సందేశసారం. ఆదిపర్వం దానిని మ్లేచ్ఛవాక్కు అన్నది. లక్కయింట ఆరు ప్రాణాలను ఆ గూఢభాషణమే కాపాడింది.

వాత్స్యాయనుడు పేర్కొన్న 64 కళలలో మ్లేచ్ఛితవికల్పం ఒకటి. దానిని వివరిస్తూ యశోధరుని జయమంగళావ్యాఖ్య మూలదేవీయమనే పద్ధతిని చెప్పింది. ఇందులో అక్షరాలు జంటలు: ఖ–గ, చ–ట, త–ప, న–మ, య–శ, ర–ష, ల–స ఇత్యాదులు. జంటలో ఒకదాని స్థానాన రెండవది నిలుస్తుంది. ‘రామ’ అన్న పదం ‘షాన’ అవుతుంది. ‘షాన’ను అదే పట్టికతో మార్చితే తిరిగి ‘రామ’ లభిస్తుంది.

దీనిని ఛేదించే కంప్యూటర్ ప్రోగ్రాం రచన సులభమే. అయినా ఒక సూక్ష్మం ఉంది. మొదట లేఖలోని ‘ర’లన్నిటినీ ‘ష’లుగా, పిదప ‘ష’లన్నిటినీ ‘ర’లుగా మార్చితే తొలి మార్పు నశిస్తుంది. ప్రతి అక్షరాన్నీ ఒక్కసారే చూచి, పట్టికలోని జంటను గ్రహించి ముందుకు సాగాలి. పట్టిక తెలియనపుడు, లేఖ తగినంత దీర్ఘమైనదైతే, ఏ అక్షరం ఎన్నిమార్లు వచ్చిందో లెక్కించి ఊహించవచ్చు. ఈ ఉపాయాన్ని 9వ శతాబ్దంలో బాగ్దాద్ పండితుడు అల్ కిందీ గ్రంథస్థం చేశాడు.

కటపయాది సంఖ్యాపద్ధతి ఇంతకు భిన్నం. క, ట, ప, య నాలుగూ 1ని సూచిస్తాయి. అంకెలను కుడినుండి ఎడమకు చదవాలి. భారతానికి గల ‘జయ’ నామంలో జ 8, య 1, కనుక 18. పర్వాలు 18, యుద్ధదినాలు 18. అయితే ‘దయ’ కూడా 18, ‘జప’ కూడా 18. పదం నుండి సంఖ్యకు ఒకే దారి. సంఖ్య నుండి పదానికి అనేకం. వ్యాసహృదయం ఏదో యంత్రం చెప్పజాలదు.

మరి ఏది సంకల్పితం, ఏది యాదృచ్ఛికం? 72 మేళకర్తల నామాలు ఇందుకు నిదర్శనం. ‘మాయామాళవగౌళ’లో మ 5, య 1, అది 15వ మేళం. 29వది ‘ధీరశంకరాభరణం’, 65వది ‘మేచకల్యాణి’. ఇలా వరుసగా కుదరడం యాదృచ్ఛికం కాజాలదు. ‘చక్రవాకం’ వద్ద నియమబద్ధమైన ప్రోగ్రాం ‘క్ర’లో రేఫను గ్రహించి 26 అంటుంది, సంప్రదాయం కకారాన్ని గ్రహించి 16 అంటుంది. ఆ సవరణ సంప్రదాయజ్ఞునికే తెలుస్తుంది.

కావున ఒక్క పదంలో సంఖ్య కుదిరిందని శాస్త్రరహస్యం బయల్పడినట్లు భావించరాదు. గణన అక్షరాన్ని విప్పుతుంది. అర్థనిర్ణయం సందర్భానిది, సంప్రదాయానిది. ఆనాడు ధర్మరాజును కాపాడినది కూడా విన్న శబ్దం మాత్రమే కాదు, గ్రహించిన వివేకం.