బండి వెంట వంటయిల్లు: గోదావరీ మంజీరముల నడిమి సీమలో పయనపు పాకశాల

నాందేడు జిల్లా బిలోలీ తాలూకాలో తెలంగాణపు పొలిమేరను ఆనుకొని కుండల్‌వాడి యను చిన్న పట్టణము కలదు. ఉత్తరమున గోదావరి, దక్షిణమున మంజీర. ఈ రెండు నదులును అచటికి తూర్పున, నిజామాబాదు జిల్లా కందకుర్తి యొద్ద కలియును. తెలుగును మరాఠియు ఒకే అంగడిలో వినవచ్చు ఊరిది. ఇంటిలో ఒక భాష, కచేరీలో మరియొక భాష మాటలాడు కుటుంబములు ఇచట వింత కాదు. 1956వ సంవత్సరమున రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు నాందేడు జిల్లాలోని బిచ్కుంద, జుక్కల్, ముథోల్, భైంసా, కుబీరు ఫిర్కాలు ఆంధ్రప్రదేశమున చేరినవి. కుండల్‌వాడి మాత్రము బొంబాయి రాష్ట్రమునకును, 1960లో మహారాష్ట్రమునకును చెందినది. సరిహద్దు గీత క్రొత్తది. దాని నడ్డముగా దాటి పోయెడి బండ్లబాటలు మిక్కిలి ప్రాచీనములు.

ఆ బాటల చరిత్ర వ్రాయువారు రాజులను, సైన్యములను, సరకులను, సుంకములను గూర్చి వ్రాసిరి. బాటసారి ఏమి తినెను, ఎట్లు వండుకొనెను, వంటసామగ్రిని దేనిపై నెట్లు సర్దుకొనెను అను ప్రశ్న నడిగినవారు అరుదు. ఇది అల్పవిషయమని తోచవచ్చును. అయిననూ దినమునకు ఎన్ని మైళ్ళు నడువవచ్చునో, మజిలీ ఎక్కడ వేయవలెనో, ఎంత సైన్యము ఎన్ని నాళ్ళు నిలువగలదో నిర్ణయించినది వంటయే. నేడు మోటారు వాహనము వెనుక తగిలించి, రోడ్డు లేని చోట్లకు లాగుకొని పోవు విడిది బండ్లను నిర్మించువారు, వానిలో వంటగదిని అమర్చుటకై ఎంతయో తల బ్రద్దలు కొట్టుకొనుచున్నారు. వారి ముందున్న చిక్కులలో పెక్కింటికి ఈ రేగడి నేలమీద ఎన్నడో పరిష్కారములు దొరకినవి.

మొదటి చిక్కు నేలయే. ఈ సీమ నల్లరేగడి వేసవిలో అడుగు లోతున నెఱ్ఱెలు విచ్చును. నాలుగు వానలు పడగానే జిగురుబంకయై చక్రమునకు చుట్టుకొనును. ఆకులు కనబడకుండ మన్ను పట్టిన చక్రమును రెండు జతల యెడ్లు కూడ కదల్పజాలవు. కనుకనే దక్కనులో దూరపు సరకు చాలవరకు బండిమీద గాక ఎద్దు వీపున పోయెను. ఎద్దు వీపునకు అటునిటు వ్రేలాడు జంట గోనెను తెలుగువారు పెరిక యనిరి. దానిని మోయునది పెరికెద్దు. ఆ వృత్తి చేసిన కులమునకే పెరికవారని పేరు వచ్చినది. ఒక్కొక్క యెద్దు నూరు, నూటయిరువది కిలోల బరువు మోయును. అందు గింజలకు పోను వంటసామానునకు మిగులు చోటు స్వల్పము. పయనపు వంటయిల్లు చిన్నది కావలెనను నియమము ఎవరి బుద్ధికుశలతచేతనో కలుగలేదు. ఎద్దు వీపు విధించినది.

ఈ నియమమును పూర్తిగా పాటించినవారు లంబాడీలు, అనగా బంజారాలు. 1632లో ఆగ్రా ప్రాంతములందు తిరిగిన ఆంగ్లేయ వర్తకుడు పీటర్ మండీ 14,000 యెడ్లు గల తాండా తన కెదురైనదనియు, ఆలుబిడ్డలతో ఇల్లంతయు వెంటబెట్టుకొని పోవు ఈ జనులు దినమునకు ఆరేడు మైళ్ళకు మించి నడువరనియు వ్రాసెను. తావెర్నియె యను ఫ్రెంచి వర్తకుడు పదివేలు, పండ్రెండువేల యెడ్ల బిడారులను వర్ణించి, ఇరుకుదారిలో అట్టిది ఎదురైనచో అది దాటిపోవువరకు బండివారు రెండుమూడు దినములు ఆగవలసివచ్చునని చెప్పెను. సూరతు నుండి గోలకొండకు పోవు దారి నాందేడు మీదుగా ఈ సీమకే దిగెడిది గావున, ఆ యవస్థ ఈ ప్రాంతపు బండివారికి క్రొత్త కాదు.

ఆరేడు మైళ్ళని విన్నవారు సోమరితన మనుకొందురు. అది లెక్క. ఎద్దు మేయవలెను, నెమరువేయవలెను, నీరు త్రాగవలెను. అది మేయునంతసేపు స్త్రీలు వంట చేయుదురు. అది వేసిన పేడయే ఎండి పిడకయై పొయ్యిలోనికి వచ్చును. బండిని లాగునదియు, వంటచెరకు నిచ్చునదియు ఒక్కటే యగుట ఈ ఏర్పాటులోని గొప్ప సౌలభ్యము. నేటి విడిది బండికి ఇంజనుకు నూనె వేరు, పొయ్యికి గ్యాసు వేరు. రెండింటిలో ఏది ముందు తీరినను పయనము కుంటువడును.

దీనికి పూర్తిగా విరుద్ధమైనది పాదుషాల పద్ధతి. ఔరంగజేబు కాశ్మీర ప్రయాణమును చూచిన బెర్నియే పేష్‌ఖానా యను ఏర్పాటును వర్ణించినాడు. డేరాల సరంజామా రెండు జతలుండును. ఒకదానిలో పాదుషా నిద్రించుచుండగా రెండవది ముందు మజిలీకి పోయి సిద్ధమై యుండును. ఒక్క జతను మోయుటకు అరువదికి పైగా ఏనుగులు, రెండువందల ఒంటెలు, నూరు కంచరగాడిదలు, నూరుమంది కూలీలు కావలసివచ్చెడివారు. భోజనపు పింగాణీ పాత్రలు పగులకుండ మనుష్యుల తలపైననే పోయెడివి. వంటశాల ముందటి రాత్రి పది గంటలకే బయలుదేరునని మనుచ్చీ వ్రాతలవలన తెలియుచున్నది: సామగ్రి మోయు ఒంటెలు యేబది, పాలకై ఆవులు యేబది, ఒక్కొక్క వంటకమునకు ఒక్కొక్క వంటవాడు. ఇందు వైభవము కలదు గాని నేర్పు తక్కువ. వంటయిల్లు కదలుటకు వీలుగా లేదని గుర్తించి దానిని తగ్గించుటకు మారుగా, రెండవ వంటయిల్లు కట్టించిరి.

అట్టి శిబిరము నాందేడునకును వచ్చినది. 1708లో బహాదూర్‌షా తన తమ్ముడు కాంబక్షుపై దండెత్తి దక్కనునకు దిగినప్పుడు గురు గోవిందసింహుడు ఆ దండుతో నాందేడు చేరెను. ఆ యేట అక్టోబరులో అచటనే ఆయన దేహము చాలించెను. దండు తెలుగు నేలమీదికి సాగి 1709 జనవరిలో హైదరాబాదు చెంత కాంబక్షును ఓడించెను. ముందునకు పోయిన ఆ మహాశిబిరపు పొయ్యిల జాడ నేడెక్కడను లేదు. వెనుక నిలిచిన గురువు భక్తుల లంగరు మాత్రము బాటసారులకు నేటికిని అన్నము పెట్టుచున్నది.

ఇక సామాన్యుని సంగతి. బాసర సరస్వతికి మ్రొక్కు చెల్లింపబోవువారును, పుష్కరమునకు గోదావరికి పోవువారును, మాళేగాఁవు ఖండోబా జాతరలో ఎడ్లు కొనబోవువారును గూడుబండి కట్టుకొని కుటుంబముతో కదలెడివారు. ఆ బండి సర్దుటలో గొప్ప శాస్త్రము కలదు. రెండు చక్రముల బండికి తూకమే ప్రాణము. బరువు వెనుకకు ఎక్కువైనచో కాడి పైకి లేచి పలుపు ఎడ్ల గొంతులను నొక్కును. ముందునకు ఎక్కువైనచో మెడలు కాయలు గట్టును. కనుక బియ్యము, జొన్నలు, పప్పుల మూటలు ఇరుసునకు నేరుగా మీదనుంచి, కాడిమీద కొలదిపాటి బరువు మాత్రము ఆనునట్లు చూచెడివారు. నేటి విడిది బండ్ల నిర్మాతలు మొత్తపు బరువులో ఇంచుమించు పదియవ వంతు లాగుడు కొక్కెముపై నుండవలెననియు, నీటి తొట్టిని ఇరుసు దగ్గరనే అడుగున బిగింపవలెననియు చెప్పునది ఈ మాటయే.

తరువాత వరుస. మజిలీలో మొదట కావలసినది చివర ఎక్కింపవలెను. దిగగానే కావలసినవి చేదయు త్రాడును, పిమ్మట చెంబు, ఆపైన పిడకలు, పెనము. ఇవి వెనుకవైపు చేతికందునట్లుండును. గిన్నెలు ఒకదానిలో నొకటి ఇమిడి, నడుమ గుడ్డ కుక్కబడి, గతుకులలో చప్పుడు చేయకుండ కూర్చుండును. ఎండుగడ్డి బండి క్రింద ఊయలవలె కట్టిన గోనెలో పోవును; లాంతరు ఇరుసునకు వ్రేలాడును. ఇరుసున పూయు కందెన ఆముదమును మసియును కలిపినది. అది పిండిమూటకు తగిలినచో ఆ పూట పస్తే కావున, దాని వెదురుగొట్టము ముందు నొగకు కట్టబడును. ఈ దూరమును ఏ గ్రంథమును విధింపలేదు. ఒకసారి ఆముదపు రొట్టె తిన్నవారు విధించిరి.

ఎడ్లను విప్పగానే బండి ముందునకు వాలును. ఊతకఱ్ఱ పెట్టినను దానిపై వంట సాగదు. గూడు వెదురును చాపయు గావున నిప్పు దగ్గరకు రానీయరాదు. అందుచేత పొయ్యి నేలమీదనే. బండి గాలికి అడ్డుగా నిలుచును. దానికి కొన్ని బారల యెడమున మూడు రాళ్ళు. వంటయింటిని బండిలో మోయుట, వంటను బండి బయట చేయుట, ఇది ఆ కూర్పులోని కీలకము. నేటి బండ్లలో వెనుక తలుపు తెరచి పొయ్యిబల్లను బయటకు లాగు ఏర్పాటు ఉత్తమమని అనుభవజ్ఞులు మెచ్చుకొనుట ఇందులకే.

అమెరికాలో చార్లెస్ గుడ్‌నైట్ యను పశువుల కాపరి 1866లో సైన్యపు పాత బండి వెనుక ఒక అరలపెట్టె బిగించెను. దాని మూత దింపి కాలు నిలిపినచో అదియే వంటబల్ల యగును. ప్రక్కన రెండు దినములకు చాలు నీటిపీపా. క్రింద వంటచెరకు మోయుటకు వ్రేలాడు తోలు. ఆయన యుక్తి శ్లాఘనీయమే. కాని బండి క్రింది ఊయల మనకును ఉన్నది. దానికి కర్త పేరు లేదు, తేదీ లేదు. స్త్రీలును పాలేరులును కనిపెట్టినవానికి ఎక్కడను పేరు లేదు.

వంటకము సైతము వంటయింటి ఆకృతిని నిర్ణయించినది. జొన్నరొట్టెకు పీటయు కఱ్ఱయు అక్కరలేదు. వేడినీట కలిపిన పిండిని అరచేత తట్టిన చాలును, ఒక పెనము, ఒక పళ్ళెము. మరాఠీవారు భాకరి యన్నను, తెలుగువారు రొట్టె యన్నను చేయి ఒక్కటే. దారిలో పగటిపూట పొయ్యియే లేదు. తెల్లవారి కట్టిన సద్దిమూట, అటుకులు, పేలాలు, ఉల్లిగడ్డ, కారము. అన్నమునకు నీరెక్కువ పట్టును, పొయ్యిపై కాచుకొని యుండవలెను. కనుక అది రాత్రి మజిలీకే. నీరు దొరకని మెట్టమీద వండవలసినచో పప్పు మానుకొని పచ్చడితో గడుపుకొందురు.

హైదరాబాదు-గోదావరి లోయ రైలుమార్గము 1901 నాటికి మన్మాడు వరకు పూర్తియైనది. నిజామాబాదు, బాసర, ధర్మాబాదు, నాందేడు స్టేషనులైనవి. బాసరకు మూడు దినముల పయనము మూడు గంటలాయెను. ధాన్యము వ్యాగనుల కెక్కెను. పెరికెద్దుల పని పోయినది, తాండాలు ఊళ్ళ అంచుల స్థిరపడినవి. బండి పొలమునకు మిగిలినది గాని దూరము పోలేదు. సద్దిమూట మాత్రము రైలెక్కినది. సరిహద్దునకు ఇటునటు పల్లెల పెరళ్ళలో ఆకులూడిన చక్రములు గోడ కానియున్నవి. వాని ప్రక్కన బోర్లించిన ఇత్తడి గిన్నెలు పెద్దదాని నుండి చిన్నదాని వరకు ఒకదానిలో నొకటి ఇంకను ఇముడును.