పాము కాటు మందు వెనక ఆదివాసుల చేతులు

మైలవరం హాస్టల్ నుంచి రాస్తున్నాం. మామిడి తోటల్లో కాపలాకి, కాయ కోతకి పోయే ఇళ్ళ పిల్లలం మేము. రాత్రిపూట తోటలో పడుకునేవాళ్ళకి పాము భయం గురించి కొత్తగా చెప్పేదేం లేదు. కానీ పాము కాటుకి ఆస్పత్రిలో ఎక్కించే మందు చరిత్రలో ఆదివాసులున్నారని మనలో ఎంతమందికి తెలుసు?

ముందు మందు సంగతి. రక్తంలో సగానికి పైగా ఉండే పసుపు రంగు ద్రవమే ప్లాస్మా. విషాన్ని పట్టి విరిచే యాంటీబాడీలు అందులోనే తిరుగుతుంటాయి. 1890ల్లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ కాల్మెట్ ఈ గుణాన్నే వాడుకుని నాగుపాము విషానికి విరుగుడు చేశాడు. ఇప్పటికీ దారి అదే. గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కిస్తారు. దాని ఒంట్లో యాంటీబాడీలు పెరిగాక రక్తం తీసి, ప్లాస్మా వేరు చేసి, శుద్ధి చేసి సీసాల్లో నింపుతారు. మన దేశంలో ఆ ఒక్క మందే నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పింజరి నాలుగింటికీ వాడతారు.

మరి గుర్రానికి ఎక్కించే విషం తెచ్చేదెవరు? ఎక్కువగా తమిళనాడులోని ఇరుళ తెగవాళ్ళు. ఒకప్పుడు వాళ్ళు తోళ్ళ వ్యాపారులకి పాములు పట్టి బతికేవాళ్ళు. 1972 వన్యప్రాణి చట్టం, ఆ తర్వాత తోళ్ళ ఎగుమతి నిషేధం వచ్చి ఆ బతుకు పోయింది. చట్టం పాముని కాపాడింది, మంచిదే. పాముతో బతికిన మనిషి ఏం తినాలో మాత్రం చెప్పలేదు. 1978లో రోములస్ విటేకర్ తోడుతో ఇరుళలు చెన్నై దగ్గర సహకార సంఘం పెట్టుకున్నారు. పట్టిన పాముని కొన్ని వారాలు కుండలో ఉంచి, విషం తీసి, తిరిగి వదిలేస్తారు. 2023లో ఇద్దరు ఇరుళ పెద్దలు, మాసి సడయన్, వడివేల్ గోపాల్, పద్మశ్రీ అందుకున్నారు.

ఇంకో లెక్క కూడా చూడండి. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాము కాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని అంచనా. ఎక్కువమంది పల్లెలవాళ్ళే. మందుకి విషం తెచ్చేది మనలాంటివాళ్ళే, మందు అందక పోయేదీ మనలాంటివాళ్ళే.

మంత్రం వేస్తే బతికాడంటారు. విషం లేని పాములే ఎక్కువ, విషపు పాము కరిచినా ఒక్కోసారి విషం దిగదు. అలా బతికినవాళ్ళని చూసి మంత్రాన్ని నమ్మితే రక్తపింజరి కరిచిన రోజు మనిషి దక్కడు. గట్టిగా కట్టు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. కాలూ చెయ్యీ కదలనివ్వకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

మన పెద్దల విద్యని అనాగరికం అనేవాళ్ళకి ఇరుళల కథ చెప్పండి. మీ తండాలో, గూడెంలో, యానాది కాలనీలో పాముల జాడ తెలిసిన తాతలుంటే, వాళ్ళు చెప్పేది ఇప్పుడే రాసి పెట్టండి.