సగటు, మధ్యగతం, సంభావ్యత: ఇంటి లెక్కలతో సాధన

పదో తరగతి గణితంలో సాంఖ్యక శాస్త్రం, సంభావ్యత అని రెండు పాఠాలుంటాయి. పిల్లలకు ఇవి మార్కులు తెచ్చే పాఠాలు. పెద్దలకు అప్పు చేసే ముందు, పందెం కాసే ముందు చూసుకోవాల్సిన లెక్కలు. ఈ శాస్త్రంలో ప్రపంచమంతా పేరు పొందిన సి.ఆర్. రావు (1920–2023) మన ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివినవారే.

మూడు రకాల ‘మధ్య’

తెనాలిలో ఒక టైలరింగ్ షాపు ఉందనుకుందాం. రంజాన్ ముందు వారం రోజువారీ రాబడి రూపాయల్లో: 400, 500, 500, 600, 700, 800, 3500.

సగటు: మొత్తం 7000ని 7తో భాగిస్తే 1000.
మధ్యగతం: చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా రాస్తే నడుమ వచ్చేది, 600.
బాహుళకం: ఎక్కువసార్లు వచ్చినది, 500.

‘రోజుకు వెయ్యి వస్తోంది కదా’ అని రోజుకు 700 కిస్తీకి ఒప్పుకుంటే ఏమవుతుంది? పండగ గిరాకీ 3500 తీసేస్తే మిగతా ఆరు రోజుల సగటు 583 రూపాయలే. మామూలు రోజుల్లో కిస్తీకే చాలదు, ఇక ఇల్లు ఎలా గడుస్తుంది? ఒక్క పెద్ద అంకె సగటును పైకి లాగేస్తుంది. అలాంటప్పుడు మధ్యగతాన్ని నమ్మాలి.

వ్యాప్తి

బాపట్ల నుంచి తెనాలికి కాలేజీకి వెళ్లే అమ్మాయికి రెండు బండ్లున్నాయనుకోండి. ఐదు రోజుల ఆలస్యం నిమిషాల్లో: మొదటిది 10, 10, 10, 10, 10. రెండోది 0, 0, 5, 15, 30. రెండింటి సగటూ 10 నిమిషాలే. కానీ వ్యాప్తి, అంటే గరిష్ఠం నుంచి కనిష్ఠం తీసేస్తే వచ్చేది, మొదటిదానికి 0, రెండోదానికి 30. పరీక్ష రోజు ఏ బండి ఎక్కాలో ఇక చెప్పక్కర్లేదు.

సంభావ్యత

సంభావ్యత = అనుకూల ఫలితాలు ÷ మొత్తం ఫలితాలు. అన్ని ఫలితాలకూ సమాన అవకాశం ఉన్నప్పుడే ఈ సూత్రం పనిచేస్తుంది.

ఒక డబ్బాలో తెనాలి అని 5, బాపట్ల అని 3, రేపల్లె అని 2 చీటీలు వేయండి. చూడకుండా ఒకటి తీస్తే బాపట్ల వచ్చే సంభావ్యత 3/10. రేపల్లె రాకపోవడం 8/10. తీసినది తిరిగి వేయకుండా రెండోది తీస్తే, రెండూ రేపల్లె కావడం 2/10 × 1/9 = 1/45.

పందెం లెక్క

పది అంకెల్లో ఒకటి తగిలితే 10 రూపాయలకు 80 ఇస్తామంటారు. గెలిచే అవకాశం 1/10. పది ఆటలకు కట్టేది 100, సగటున తిరిగొచ్చేది 80. ‘ఐదుసార్లు పోయింది, ఇప్పుడు తగులుతుంది’ అనుకోవడం పొరపాటు. ఆరోసారీ అవకాశం అదే 1/10. ఆడేకొద్దీ నష్టం పెరుగుతుంది.

సాధన

1. ఒక వారం ఇంటి ఖర్చు రాసి సగటు, మధ్యగతం, వ్యాప్తి కట్టండి.
2. పై డబ్బాలో మొదటి చీటీని తిరిగి వేస్తే, రెండుసార్లూ రేపల్లె వచ్చే సంభావ్యత ఎంత?
3. 4, 6, 8, 10 మధ్యగతం ఎంత?

జవాబులు: రెండోదానికి 1/25. మూడోదానికి 7, సంఖ్యలు సరిసంఖ్యలో ఉంటే నడిమి రెండింటి సగటు తీసుకోవాలి. మొదటిదాని జవాబు మీ ఇంటి పుస్తకంలోనే ఉంది.