చొప్ప, పేడ, పొగాకు

సేంద్రియ వ్యవసాయమను మాట నేడు క్రొత్త పలుకుబడిగా వినవచ్చుచున్నది గాని, బస్తా యెరువు ఊరి పొలిమేర త్రొక్కని కాలమున అన్య వ్యవసాయ మెక్కడిది? గుండ్లకమ్మ, మూసీ నదుల నడిమి నల్లరేగడి నేలలలో జొన్న వేయుట గింజకొరకు మాత్రమే కాదు. గింజ మనిషికి, చొప్ప గొడ్డుకు, గొడ్డుపేడ మరల చేనికి చేరుచుండెను. ఒంగోలుజాతిగా లోకము కొనియాడిన తెల్లని గిత్తలు సర్కారు క్షేత్రములలో పుట్టినవి కావు, రైతుల కొట్టములలో కుడితి త్రాగి, చొప్ప మేసి, ఇంటిబిడ్డలవలె పెరిగినవి. ఒంగోలు తాలూకా 1904 వరకు నెల్లూరు జిల్లాలోనిదగుటచే, ఓడలెక్కి బ్రెజిలు చేరిన వాని సంతతికి అచ్చట నేటికిని నెలోర్ అనియే పేరు. ఒంగోలువారికి ఇది కొంత కష్టముగనే యుండును.

ఐతే పేడయంతయు చేనికే చేరెడిది కాదు. 1889లో ఇంగ్లండునుండి వచ్చి దేశము తిరిగిన వోల్కర్ అను రసాయనశాస్త్రజ్ఞుడు, 1893లో వెలువడిన తన నివేదికలో, పేడను పిడకలుగా కాల్చుట రైతు అజ్ఞానముచే గాదు, వంటచెరకు కరవగుటచే నని వ్రాసి, కట్టెలకును గ్రాసమునకును వనములు పెంపుడని కోరెను. రైతును తప్పుపట్టుటకు ముందు అతని పొయ్యిని తొంగిచూచిన దొర యీయన.

పేడ చాలని యింటికి గొర్రెలమంద దిక్కు. కోతలు ముగిసిన వేసవిలో గొల్లలు మందను తోలుకొనిరాగా, రైతు రాత్రికింత ధాన్యమని కుదుర్చుకొని, నేడొక చెక్క, రేపొక చెక్క చొప్పున చేనంతయు మంద కట్టించును. పెంటికలే కాక మూత్రము సైతము నేల నింకగా, గిట్టలే త్రొక్కి కలుపును. బండి కట్టనక్కరలేదు, మోతకూలి లేదు, దిబ్బపై ఎండకు వానకు సారము పోవునను చింతయు లేదు.

జొన్న, చొప్ప, పేడల యీ చక్రమును తొలుత దెబ్బతీసినది యూరియా యని పలువురు తలతురు. నాకట్లు తోచదు. 1920 దశాబ్దిలో గుంటూరుసీమ నల్లరేగళ్లకు వర్జీనియా పొగాకు వచ్చెను. అది రొక్కము తెచ్చెను గాని దాని కాడను ఏ గొడ్డును ముట్టదు. పొగాకెక్కిన చేలలో చొప్ప లేదు, చొప్ప తగ్గిన కొట్టమున గొడ్లు నిలువవు. 1960 దశాబ్ది చివర మేలువంగడములతో బస్తాలు వచ్చునాటికి ఎన్నియో దిబ్బలు అప్పటికే కృశించియుండెను.

మంద కట్టించుట మాత్రము కొన్ని మెట్టయూళ్లలో నేటికిని కలదు. ఇప్పుడు గొల్లవాడు ధాన్యము కొలిపించుకొనుట అరుదు, రొక్కమే యడుగును.