వాదాన్ని తూచే త్రాసు: ఇమాం గజాలీ నుండి సత్యపట్టిక వరకు

టెక్కలి దాటి, పలాస జీడితోటల మీదుగా సముద్రం వైపు పోతే ఉద్దానం వస్తుంది. కొబ్బరి, జీడి, పనస చెట్లతో పచ్చగా కనిపించే ఈ సీమలో మూత్రపిండాల వ్యాధి కొన్ని దశాబ్దాలుగా ఇళ్లను కూల్చుతున్నది. దాని కారణం గురించి తరచు వినవచ్చే వాదం ఒకటున్నది: నీరు చెడ్డదైతే మూత్రపిండాలు చెడతాయి, ఇక్కడ మూత్రపిండాలు చెడుతున్నాయి, కాబట్టి నీరే చెడ్డది. వినడానికి సబబుగానే తోస్తుంది. కాని అది తర్కానికి నిలుస్తుందా?

ఇటువంటి వాదాన్ని తూచే పద్ధతి ముస్లిం విద్వాంసులకు కొత్త కాదు. హిజ్రీ 503 (క్రీ.శ. 1109)లో పూర్తయిన 'అల్ ముస్తస్ఫా' ధర్మశాస్త్ర మూలసూత్రాల గ్రంథం. అయినా ఇమాం గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) దానికి తర్కశాస్త్రాన్నే పీఠికగా పెట్టారు. అందులోని ఉదాహరణ ప్రతి ముస్లిం ఇంటికీ తెలిసినదే. నమాజు సరిగా నెరవేరినదైతే నమాజీకి తహారత్ ఉన్నట్లే. నమాజు నెరవేరిందని తెలిస్తే తహారత్ ఉన్నదని చెప్పవచ్చు. తహారత్ లేదని తెలిస్తే నమాజు నెరవేరలేదని చెప్పవచ్చు. అయితే తహారత్ ఉన్నంత మాత్రాన నమాజు నెరవేరినట్లేనా? వుజూ చక్కగా చేసుకొని, వేళ కాకముందే నిలబడినవాని సంగతేమిటి? అలాగే నమాజు చెల్లలేదు గనుక వుజూ లేదనడం కూడా తప్పే. నాలుగు ఎత్తులలో రెండు నిలిచాయి, రెండు కూలాయి.

ఈ భేదాన్ని గజాలీ కనిపెట్టలేదు. గ్రీకు స్టోయిక్కులకు ఇది తెలుసు. ఇబ్నె సీనా (మరణం 1037) 'ఖియాసె ఇస్తిస్నాయీ' పేరిట దీనిని విపులంగా చర్చించారు. దానిని ఫఖీహుల ముంగిటికి, వారి భాషలోనే తెచ్చిపెట్టడం గజాలీ చేసిన మేలు. మన దేశంలో ముహిబ్బుల్లా బిహారీ (మరణం 1707) రచించిన 'సుల్లముల్ ఉలూమ్' దర్సె నిజామీ పాఠ్యక్రమంలో చేరి తరతరాల విద్యార్థులకు తర్కం నేర్పింది.

సత్యపట్టిక ఇదే పనిని గుమాస్తా లెక్కలాగా చేస్తుంది. అమెరికాలో ఎమిల్ పోస్ట్, ఆస్ట్రియాకు చెందిన విట్గెన్‌స్టైన్ ఒకరితో ఒకరికి నిమిత్తం లేకుండా 1921లోనే దీనిని ప్రకటించారు. పియర్స్ చేతివ్రాతలలో ఇది అంతకుముందే ఉన్నది. రెండు ప్రవచనాలకు నాలుగు వరుసలు వ్రాయాలి: రెండూ సత్యం, మొదటిది మాత్రమే సత్యం, రెండవది మాత్రమే సత్యం, రెండూ అసత్యం. 'ఇది అయితే అది' అన్న వాక్యం మొదటిది సత్యమై రెండవది అసత్యమైన వరుసలో మాత్రమే అసత్యం. ఇక ఆధారవాక్యాలన్నీ సత్యమై, నిర్ణయం అసత్యమైన వరుస ఉన్నదేమో వెతకాలి. ఒక్కటి దొరికినా వాదం చెల్లదు.

ఉద్దానం వాదంలో అటువంటిది మూడవ వరుస: నీరు చెడ్డదన్నది అసత్యం, వ్యాధి ఉన్నదన్నది సత్యం. ఆధారవాక్యాలు రెండూ నిలిచి ఉన్నాయి, నిర్ణయం మాత్రం పడిపోయింది. వుజూ నుండి నమాజును ఋజువు చేయబోయిన పొరపాటే ఇది. దీనివల్ల నీరు మంచిదని తేలలేదు సుమా! భూగర్భజలంలోని సిలికా, పురుగుమందులు, నొప్పి మాత్రలు, ఎండలో దాహంతో చేసే కాయకష్టం, వంశపారంపర్యం – ఇవన్నీ అనుమానితాలే. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు రైతులను, మధ్య అమెరికా చెరకు కూలీలను ఇటువంటి వ్యాధే పీడిస్తున్నది. ఉద్దానంలో ఫలానాదే కారణమని ఇంతవరకు నిర్ధారణ కాలేదు.

ఇక్కడ పట్టిక కూడా ఆగిపోతుంది. వాక్యాల అల్లిక సరిగా ఉన్నదా అని మాత్రమే అది చూస్తుంది. వాక్యం నిజమా కాదా అన్నది బావినీటిని, రక్తాన్ని పరీక్షించేవారు చెప్పాలి. తర్కాన్ని తీవ్రంగా విమర్శించిన ఇబ్నె తైమియా (మరణం 1328) పట్టుబట్టింది కూడా ఇక్కడే: లోకజ్ఞానం ఒక్కొక్క వస్తువును పరిశీలించడం వల్ల వస్తుందే గాని సూత్రాలను పేర్చడం వల్ల రాదు.

ఇంతకంటె ప్రమాదకరమైన వాదం మరొకటున్నది. నీరే కారణమైతే మంచినీరు ఇవ్వాలి. నీరే కారణమని తేలలేదు. కాబట్టి ఇవ్వనక్కర లేదు. నమాజు చెల్లలేదు గనుక వుజూ లేదనడం వంటిదే ఇది. కారణం తేలకున్నా మంచినీరు అవసరమే కదా! హిరమండలం జలాశయం నుండి ఉద్దానానికి నీటిని తెచ్చే సుజలధార పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. అప్పటికీ వ్యాధి కారణం తేలలేదు.